పాత ట్రైలర్ బండికి ఏసీ: రిపేర్ చేయించాలా, కొత్తది పెట్టించాలా, పైన బ్యాటరీ ఏసీ వేయాలా

ఏప్రిల్ సగం దాటిందంటే చాలు, హైదరాబాద్ ఆటోనగర్‌లో ఏసీ షాపుల ముందు లారీలు ఆగుతయి. డ్రైవర్ దిగి చెప్పే మాట ఒక్కటే, "గ్యాస్ అయిపోయింది భయ్యా, కొట్టు" అని. షాపాయన కూడా ఏం అడగడు, కొడ్తడు, పైసలు తీస్కుంటడు, కొన్ని వారాలు చల్లగ వస్తది, మళ్ళ వేడి గాలి. పాత బండికి ఏసీ మెయింటెనెన్స్ అంటే ఇంతే అనుకుంటరు చానా మంది.

ఏసీ గ్యాస్ డీజిల్ లెక్క కాలి అయిపోయేది కాదు. ఉన్న గ్యాసే కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కేది), కండెన్సర్ (బయట వేడి వదిలే జాలీ), డ్రయర్ బాటిల్ (తేమ పీల్చేది), ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్‌ని సన్నగ వదిలేది), కూలింగ్ కాయిల్ (డ్యాష్‌బోర్డ్ లోపల చల్లబడేది) మీదుగ గుండ్రంగ తిరుగుతనే ఉంటది. రబ్బర్ పైపుల నుంచి ఏండ్ల తరబడి కొద్దిగ పోవుడు మామూలే గాని, ఒక్క ఎండాకాలం కూడా ఆగలేదంటే ఎక్కడనో లీక్ ఉన్నట్టే. లీక్ పట్టకుండ గ్యాస్ కొట్టించుడు అంటే పైసలు గాలిలోకి వదులుడు, దాంతోపాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికి పోతది, చివరికి కంప్రెసర్ పట్టేస్తది. జాయింట్‌లో పెట్టే చిన్న రబ్బర్ ఓ-రింగ్‌తో పోయేది పెద్ద బిల్లు అయ్యేది ఇక్కడనే.

ఇంకోటి, 2025 అక్టోబర్ 1 నుంచి తయారైన ఎన్2, ఎన్3 బండ్లకి, అంటే మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటిన గూడ్స్ బండ్లకి, క్యాబిన్ ఏసీ ఉండాలని రూల్ వచ్చింది. అంతకు ముందు తయారైన బండ్లకి ఈ రూల్ లేదు, కాబట్టి ఎవడన్నా "పెట్టించకుంటే ఫిట్‌నెస్ కాదు" అని భయపెడ్తే నమ్మకండి. కానీ కొత్త బండ్లన్నీ ఏసీతో వస్తుంటే మన పాత దాన్ని ఎక్కడానికి డ్రైవర్ దొరుకుడు కష్టమే అయితది, అది వేరే లెక్క.

ముందు క్యాబిన్ చూడండి, ఏసీ తర్వాత

ఇది చెప్తే ఎవ్వరికీ నచ్చదు, ఎందుకంటే ఇందులో పార్టులు కొనేది ఏం లేదు. పాత టాటా గాని లేలాండ్ గాని తీస్కోండి, డ్రైవర్ పక్కన బానెట్ కింద ఇంజిన్, దాని మీద కప్పిన రెగ్జిన్ ఎప్పుడో చినిగిపోయి ఉంటది, గేర్ రాడ్ దగ్గర బూట్ ఉండదు, పెడల్స్ దగ్గర రంధ్రాలు, స్టీరింగ్ రాడ్ దిగే చోట చెయ్యి పట్టే సందు, డోర్ బీడింగులు ఎండిపోయి పగిలి ఉంటయి. ఇట్లాంటి క్యాబిన్‌కి ఎంత పెద్ద ఏసీ పెట్టినా కింద నుంచి ఇంజిన్ వేడి వస్తనే ఉంటది.

రాత్రి పూట బండి ఆపి, ఒకరు క్యాబిన్‌లో లైట్లు ఆపేసి కూర్చోండి, ఇంకొకరు కింద నుంచి, బయట నుంచి టార్చ్ కొట్టాలె. లోపలికి ఎక్కడెక్కడ వెలుతురు కనిపిస్తదో అక్కడ చాక్‌తో గీత పెట్టుకోండి. అన్నీ మూయాలె, గేర్ బూట్ కొత్తది, వైరింగ్ పోయే చోట గ్రోమెట్, డోర్లకి కొత్త బీడింగ్, పైన వెంటిలేటర్ మూత ఉంటే దాని రబ్బర్. బానెట్‌కి లోపల వైపు, పైకప్పు సీలింగ్ కింద, ఫ్లోర్ మ్యాట్ కింద ఫాయిల్ ఉన్న ఇన్సులేషన్ ఫోమ్ షీట్ వేయించండి, మంట అంటుకోని రకం అడిగి తీస్కోండి, సైలెన్సర్ పైపుకి, టర్బోకి దగ్గర్లో మాత్రం అంటించొద్దు. అద్దాలకి బ్లాక్ ఫిల్మ్ జోలికి పోకండి, 2012లో సుప్రీం కోర్టు ఆర్డర్ వచ్చినప్పటి నుంచి పోలీసులు ఆపి పీకేస్తరు. పార్కింగ్‌లో ఉన్నప్పుడు ముందు అద్దానికి వెండి రంగు సన్‌షేడ్ చాలు.

హీటర్ ఉన్న బండి అయితే హీటర్ వాల్వ్ కూడా చూడాలె. అది సరిగ మూసుకోకుంటే ఇంజిన్ వేడి నీళ్ళు హీటర్ కాయిల్‌లో తిరుగుతనే ఉంటయి, ఒక పక్క ఏసీ చల్లబరుస్తది, ఇంకో పక్క హీటర్ వేడి చేస్తది. ఏసీ ఆన్‌లో ఉన్నప్పుడు హీటర్‌కి పోయే రెండు పైపులూ పట్టుకొని చూడండి, రెండూ కాలుతున్నయంటే వాల్వ్ పట్టుకోవట్లేదు. హైదరాబాద్‌లో హీటర్‌తో మనకి పనేముంది, ఆ లైన్ బైపాస్ చేయించినా నష్టం లేదు, ఉత్తరాదికి చలికాలం లోడ్లు పోయేటోళ్ళు మాత్రం కొత్త వాల్వ్ వేయించుకోండి.

చేసు (ఛాసిస్, అంటే క్యాబిన్ లేని కింది చట్రం) మాత్రమే కొని లోకల్‌గ చెక్కా రేకుతో కట్టించిన క్యాబిన్ అయితే, నా మాట వినండి, ఏసీ ఆలోచన పక్కన పెట్టండి. అది మూతపడే క్యాబిన్ కాదు. ఆ పైసలతో ఇన్సులేషన్, రెండు మంచి 24 వోల్ట్ ఫ్యాన్లు వేయించుకుంటే ఎక్కువ సుఖం.

షాపుకి పోయే ముందు మీరే చూడగలిగినవి

ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్లోయర్ పెట్టి, ఏసీ స్విచ్ నొక్కండి. కంప్రెసర్ దగ్గర టక్ అని సౌండ్ రావాలె, పుల్లీ ముందున్న ప్లేట్, అంటే కంప్రెసర్ క్లచ్, తిరగాలె. సౌండ్ రాలేదంటే ముందు ఫ్యూజ్, రిలే, తర్వాత క్లచ్ కనెక్టర్ దగ్గర మీటర్ పెట్టి చూడాలె 24 వోల్ట్ వస్తుందా లేదా అని. కరెంట్ వస్తున్నా ప్లేట్ పట్టుకోలేదంటే కాయిల్ కాలిపోయిందన్నా అయి ఉండాలె, లేకుంటే ప్లేట్‌కీ పుల్లీకీ మధ్య గ్యాప్ పెరిగిందన్నా. సాండెన్ టైప్ కంప్రెసర్లలో ఈ గ్యాప్ 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉండాలె, ఫీలర్ గేజ్‌తో చూడొచ్చు, ఎక్కువైతే లోపలున్న షిమ్ (పలచని వాషర్) ఒకటి తీస్తే సరిపోతది. దీనికి కంప్రెసర్ మార్చాలని చెప్పే షాపులు కూడా ఉన్నయి.

కరెంటే రావట్లేదంటే గ్యాస్ మొత్తం పోయి ఉండొచ్చు, ఎందుకంటే లైన్ మీద ప్రెషర్ స్విచ్ ఉంటది, గ్యాస్ బాగా తగ్గితే అది క్లచ్‌కి కరెంట్ కట్ చేస్తది, కంప్రెసర్ ఆయిల్ లేకుండ తిరిగి పాడైపోవద్దని. ఇక్కడ చానా మంది మెకానిక్‌లు చేసే పని ఏందంటే ఆ స్విచ్‌ని వైరు ముక్కతో డైరెక్ట్ చేసుడు. టెస్ట్ కోసం రెండు సెకన్లు అయితే సరే గాని అట్లనే వదిలేస్తే కంప్రెసర్‌కి కాపలా ఎవ్వరూ లేనట్టే. పాత బండి కొంటే ముందు ఆ స్విచ్ దగ్గర వైరు ముక్క ఉందా అని చూడండి, ఉందంటే బేరం తగ్గించండి.

కంప్రెసర్ పడ్తుంది గాని చల్లదనం లేదు అంటే గాలి చూడండి. బ్లోయర్ ఫుల్ పెట్టినా గాలి పలచగ వస్తుందంటే కూలింగ్ కాయిల్ దుమ్ముతో మూసుకుపోయింది. తాండూరు దిక్కు సిమెంట్ లోడ్లు కొట్టే బండ్లు, క్రషర్ కంకర బండ్లలో ఇది మామూలు విషయం, చానా పాత బండ్లకి క్యాబిన్ ఫిల్టరే ఉండదు. డ్యాష్‌బోర్డ్ విప్పి కాయిల్ కడిగితేనే సగం బాధ తీరిన బండ్లు ఉన్నయి. ముందు కండెన్సర్ కూడా అంతే, రేడియేటర్ వైపు నుంచి బయటికి తక్కువ ప్రెషర్ నీళ్ళతో కడగాలె, వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గర పెట్టి కొడ్తే ఫిన్స్ అన్నీ వంగిపోతయి.

గేజ్ ఏం చెప్తుందో మీకు కూడా తెల్వాలె

మెకానిక్ బ్లూ గేజ్ (తక్కువ ప్రెషర్ వైపు), రెడ్ గేజ్ (ఎక్కువ ప్రెషర్ వైపు) పెట్టినప్పుడు పక్కకి పోయి చాయ్ తాగకండి, నిలబడి చూడండి. మన బండ్లలో ఉండేది ఎక్కువగ ఆర్134ఏ గ్యాస్. ఇంజిన్ బంద్ చేసి చాలా సేపు అయినంక, అన్నీ చల్లారినంక, రెండు గేజ్‌లూ ఒకటే చూపించాలె, 30 డిగ్రీలప్పుడు దాదాపు 97 పీఎస్ఐ, 35కి 114, 40కి 133 దగ్గర. దీనికంటే బాగా తక్కువ ఉంటే లోపల గ్యాస్ దాదాపు లేనట్టే. ఎక్కువ ఉంటే లోపల గాలి కలిసింది, లేకుంటే వేరే గ్యాస్ కలిసింది. ఈ లెక్క సిలిండర్ మీద కూడా పని చేస్తది, కొత్త సిలిండర్‌కి గేజ్ పెట్టి చూస్తే అసలుదా నకిలీదా కొంత వరకు తెలిసిపోతది. నకిలీ గ్యాస్ అంటే చల్లదనం రాకపోవుడు ఒక్కటే కాదు, కొన్నింట్లో మిథైల్ క్లోరైడ్ కలుపుతరు, అది అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే అంటుకునే పదార్థం తయారు చేస్తది. 2011లో ఓడల మీద పోయే ఫ్రీజర్ కంటైనర్లు ఇట్లనే పేలి మనుషులు చనిపోయిన్రు. బిల్లు ఇచ్చే షాపులో, సీల్ ఉన్న సిలిండర్ మాత్రమే.

ఇంజిన్ 1500 ఆర్‌పీఎమ్‌లో పెట్టి, బ్లోయర్ ఫుల్, డోర్లు తెరిచి చూసినప్పుడు మన 40 డిగ్రీల ఎండకి బ్లూ గేజ్ 30 నుంచి 50, రెడ్ గేజ్ 225 నుంచి 275 మధ్య ఉంటే బాగున్నట్టు. రెండూ తక్కువ ఉంటే గ్యాస్ తక్కువ. బ్లూ ఎక్కువ, రెడ్ తక్కువ, రెండూ దగ్గర దగ్గర వస్తున్నయంటే కంప్రెసర్ లోపల అరిగింది, నొక్కట్లేదు. బ్లూ సున్నాకి లేదా వాక్యూమ్‌లోకి పోతుందంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుంది, లేకుంటే లోపల తేమ గడ్డకట్టి అడ్డం పడ్తుంది, కొద్దిసేపు ఆపి మళ్ళ వేస్తే మామూలుగ అయి మళ్ళ అదే వస్తే తేమే. రెండూ ఎక్కువ ఉంటే గ్యాస్ ఎక్కువ కొట్టిన్రు, లేదా గాలి ఉంది, లేదా కండెన్సర్ వేడి వదలట్లేదు. ఇందులో ఏదో తేల్చాలంటే ఒక బకెట్ నీళ్ళు కండెన్సర్ మీద పోయండి, రెడ్ గేజ్ టక్కున పడిపోయి లోపల చల్లగ అయ్యిందంటే కండెన్సర్‌కి గాలి అందట్లేదు, అంటే మురికి, ఫ్యాన్, లేదా ఇంజిన్ విస్కస్ ఫ్యాన్ వీక్. సిగ్నల్ దగ్గర వేడి గాలి, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కంగనే చల్లగ వస్తది అనే బండ్లన్నీ ఈ లిస్టులోవే. దానికి గ్యాస్ కొట్టించుడు అంటే ఉన్న రోగం పెంచుడు.

లీక్ పట్టుడు

లీక్ ఉన్న చోట గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా వస్తది, దాని మీద దుమ్ము అంటుకొని నల్లటి జిడ్డు మరక అయితది. కాబట్టి ముందు కళ్ళతో చూడండి, పైపుల చివర్లు నొక్కిన చోట, కంప్రెసర్ ముందు షాఫ్ట్ సీల్, కండెన్సర్ కింది అంచు, ప్రతి జాయింట్. గ్యాస్ ఎక్కించే పోర్ట్ వాల్వ్‌ల మీద సబ్బు నురగ పెట్టి చూడండి, ఆ చిన్న పిన్ వాల్వ్ లీక్ అయ్యి సీజన్ మొత్తం బాధపడ్డ బండ్లు ఉన్నయి, పైన మూత పోయి ఉంటే ముందు మూత కొనండి.

కంటికి కనిపించకుంటే నైట్రోజన్ వేయించాలె. ఖాళీ సిస్టంలో 150 పీఎస్ఐ దాకా నైట్రోజన్ నింపి గేజ్ పెట్టి గంట రెండు గంటలు వదిలేయాలె, పడిపోతే సబ్బు నీళ్ళు పట్టుకొని వెతకాలె. నైట్రోజన్ సిలిండర్‌కి రెగ్యులేటర్ లేకుండ డైరెక్ట్ పైపు పెట్టేటోని దగ్గర పని చేయించకండి. టైర్ గాలి కొట్టే కంప్రెసర్‌తో టెస్ట్ చేసే షాపులు ఉన్నయి, ఆ గాలిలో నీళ్ళుంటయి, లోపలికి తేమ పోతది, పైగా ఆర్134ఏ మిగిలి ఉంటే గాలితో కలిసి ప్రెషర్ కింద మండే ప్రమాదం కూడా ఉంది. ఆక్సిజన్ అయితే అసలు వద్దు, ఆయిల్ ఉన్న లైన్‌లో ఆక్సిజన్ పెడ్తే పేలుతది.

డ్యాష్‌బోర్డ్ లోపల కూలింగ్ కాయిల్ లీక్ పట్టుడే కష్టం. నీళ్ళు కారే డ్రెయిన్ పైపు దగ్గర ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ పెట్టి చూస్తరు, గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి కిందికే దిగుతది. లేదా యూవీ డై వేసి కొన్ని రోజులు నడిపి యూవీ లైట్‌తో చూస్తరు, డ్రెయిన్ దగ్గర పచ్చగ మెరిస్తే కాయిలే. లీక్ మూసే లిక్విడ్ డబ్బాలు అమ్ముతరు, వేయొద్దు, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోతది, షాపోని మెషిన్ కూడా ఖరాబ్ అయితది.

విప్పినంక ఏం మార్చాలె

సిస్టం ఒక్కసారి గాలికి తెరుచుకుందంటే డ్రయర్ బాటిల్ మార్చాల్సిందే. దాని లోపల తేమ పీల్చే గింజలు ఉంటయి, అవి బయటి గాలిలో తేమ పీల్చుకొని నిండిపోతయి. ఇది మొత్తం సెట్‌లో చవకైన పార్ట్‌లలో ఒకటి, దీని మీద మిగుల్చుకునేది ఏం లేదు. విప్పిన ప్రతి జాయింట్‌కి కొత్త ఓ-రింగ్, ఆర్134ఏకి సరిపోయే హెచ్ఎన్‌బీఆర్ రకం, ఏసీ ఆయిల్ పూసి పెట్టాలె. నల్ల రబ్బర్ రింగులు ఏవో డబ్బాలో దొరికినవి పెట్టేస్తే వచ్చే ఏడాది మళ్ళ ఇదే పని.

కంప్రెసర్ లోపల పగిలి ఉంటే, విప్పినప్పుడు పైపులో నల్లటి బురద, మెరిసే పొడి కనిపిస్తది. అప్పుడు కంప్రెసర్ ఒక్కటే మారిస్తే ఆ పొడి తిరిగి తిరిగి కొత్త దాన్ని కూడా తినేస్తది. పైపులు ఫ్లష్ చేయాలె, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మార్చాలె, కండెన్సర్ సన్న రంధ్రాల పారలల్ ఫ్లో టైప్ అయితే ఫ్లష్ చేసినా ఆ పొడి పూర్తిగ రాదు, అది కూడా మార్చాలె. బిల్లు పెరుగుతది, నాకు తెలుసు, కానీ ఇందులో సగం చేసేదానికంటే అసలు చేయకుండుడే మంచిది.

కబాడీ కంప్రెసర్ కొనేటోళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, కార్లది 12 వోల్ట్, మన బండి 24 వోల్ట్. 12 వోల్ట్ కాయిల్‌కి 24 ఇస్తే కొద్ది రోజుల్లోనే కాలిపోతది. మీటర్ పెట్టి చూస్తే 12 వోల్ట్ కాయిల్ సుమారు మూడు నాలుగు ఓమ్స్ చూపిస్తది, 24ది పది దాటి ఉంటది. ఇంకా కొందరు తెలివి ఏందంటే రెండు బ్యాటరీల్లో ఒక దాని నుంచే 12 వోల్ట్ తీస్తరు, టేప్ రికార్డర్‌కి తీసినట్టు. అట్ల చేస్తే ఒక బ్యాటరీ ఎప్పుడూ తక్కువ ఛార్జ్‌లో, ఇంకోటి ఎక్కువ ఛార్జ్‌లో ఉండి రెండూ తొందరగ పోతయి.

కొత్త కంప్రెసర్‌లో ఆయిల్ ఎంతుంది, ఏ రకం అని దాని లేబుల్ మీద ఉంటది, ఆర్134ఏకి పీఏజీ ఆయిల్ వాడ్తరు, 46, 100 అని గ్రేడ్లు ఉంటయి, లేబుల్‌ది దాటి పోవద్దు. పీఏజీ ఆయిల్ తేమని తొందరగ పీలుస్తది కాబట్టి ఎప్పుడో తెరిచిన డబ్బాది వద్దు. బిగించినంక కరెంట్ ఇచ్చే ముందు క్లచ్ ప్లేట్‌ని చేత్తో పది సార్లు తిప్పాలె, లోపల ఆయిల్ సర్దుకుంటది.

2000కి ముందటి బండి, లేదా బయటి దేశం నుంచి వచ్చిన పాతది అయితే ఆర్12 సిస్టం ఉండొచ్చు. ఆ గ్యాస్ ఇప్పుడు దొరకదు, ఓజోన్ పొరని తినేస్తదని మాంట్రియల్ ఒప్పందం కింద బంద్ చేసిన్రు. ఆర్134ఏకి మార్చాలంటే పాత మినరల్ ఆయిల్ మొత్తం తీసేయాలె, డ్రయర్, ఓ-రింగులు, పైపులు మార్చాలె, గ్యాస్ కూడా పాత లెక్కలో 80 నుంచి 85 శాతమే ఎక్కించాలె. ఎల్‌పీజీ ఎక్కిస్తే చల్లగ వస్తది అని చెప్పేటోళ్ళు దొరుకుతరు. వస్తది, నిజమే. లీకైతే క్యాబిన్‌లో పడుకున్న మనిషి బీడీ ముట్టిస్తడు, అప్పుడు ఏమైతదో మీరే ఆలోచించుకోండి.

వాక్యూమ్, గ్యాస్

గ్యాస్ కొట్టే ముందు పంప్‌తో లోపలి గాలి మొత్తం లాగాలె, దాన్నే వాక్యూమ్ అంటరు. తొందరపడే షాపులు ఐదు నిమిషాలు వాక్యూమ్ పెట్టి గ్యాస్ కొడ్తరు. ముప్పావు గంట అన్నా నడవాలె, సిస్టం చానా రోజులు తెరిచి ఉంటే ఇంకా ఎక్కువ, వానాకాలం అయితే మరీ. వాక్యూమ్ వల్ల గాలి ఒక్కటే కాదు, లోపలున్న తేమ కూడా ఆ తక్కువ ప్రెషర్‌లో ఆవిరై బయటికి వస్తది. ఇక్కడ ఒక చిన్న విషయం, పుస్తకాల్లో వాక్యూమ్ గేజ్ 29 ఇంచులు దాటాలె అని ఉంటది, అది సముద్రం ఒడ్డున లెక్క. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడే తక్కువ, మామూలు గేజ్ 28 దగ్గర ఆగిపోతది. దానికి మెకానిక్‌ని తిట్టకండి. పంప్ ఆపి 20 నిమిషాలు చూడండి, ముల్లు కదలకుంటే బాగుంది.

గ్యాస్ తూకం వేసి ఎక్కించాలె. ముందు బంపర్ లోపల గాని, బానెట్ దగ్గర గాని స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో ఉంటది. స్టిక్కర్ చెరిగిపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేసు నంబర్ చెప్పి అడగండి. డ్రయర్ మీద అద్దంలో బుడగలు పోయేదాకా కొట్టుడు అనేది ఆర్12 కాలం నాటి అలవాటు, ఆర్134ఏలో ఆ లెక్క కరెక్ట్ రాదు, ఎక్కువ పడిపోతది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్లూ వైపు నుంచే, సిలిండర్ నిలబెట్టి, గ్యాస్‌గనే ఇవ్వాలె. తలకిందులు చేస్తే లిక్విడ్ పోయి కంప్రెసర్ వాల్వ్ పగులుతది. ఇంజిన్ నడుస్తుండగ రెడ్ వైపు వాల్వ్ తెరవొద్దు, 250 పీఎస్ఐ ఉల్టా సిలిండర్‌లోకి వస్తది. కళ్ళకి అద్దాలు పెట్టుకోని మెకానిక్‌ని పెట్టుకొమ్మని చెప్పండి, ఏం అనుకుంటడో అని మొహమాట పడొద్దు.

అసలు ఏసీ లేని బండికి పెట్టించాలంటే

కంపెనీ రేకు క్యాబిన్ అయితే ఇంజిన్ బెల్ట్‌తో తిరిగే కిట్ పెట్టొచ్చు. అదే మోడల్ బండి ఏసీతో కూడా కంపెనీ అమ్మి ఉంటే ఆ బ్రాకెట్, పుల్లీ, పైపులు ఒరిజినల్ దొరుకుతయేమో ముందు చూడండి, పుత్లీబౌలీ, రాణిగంజ్ దిక్కు స్పేర్ పార్ట్స్ షాపులలో అడిగితే సగం పని అక్కడనే తేలుతది. దొరక్కుంటే లోకల్ బ్రాకెట్ చేయించాలె, ఇక్కడనే చానా కిట్లు ఫెయిల్ అయ్యేది. డీజిల్ ఇంజిన్ వైబ్రేషన్‌కి సన్న ప్లేట్ బ్రాకెట్ పగిలిపోతది, మందం ప్లేట్, అడ్డం సపోర్ట్, కంప్రెసర్ పుల్లీ ఇంజిన్ పుల్లీతో ఒకే లైన్‌లో ఉందా అని స్కేల్ పెట్టి చూడాలె. బండి మీద వెల్డింగ్ కొట్టే పనైతే బ్యాటరీ టెర్మినల్స్ రెండూ విప్పాలె, కామన్ రైల్ బండి (డీజిల్ కంప్యూటర్‌తో నడిచేది) అయితే ఈసీఎమ్, అంటే ఆ ఇంజిన్ కంప్యూటర్, కనెక్టర్ కూడా, లేకుంటే ఏసీ కోసం పోయి ఈసీఎమ్ కొనాల్సి వస్తది.

పైపులు బ్యారియర్ హోస్ ఉండాలె, 6, 8, 10 నంబర్లు, చివర్లు హైడ్రాలిక్ క్రింపింగ్ మెషిన్‌తో నొక్కించాలె, హోస్ క్లిప్పులు పెట్టి బిగించేది కాదు. క్యాబిన్ ముందుకు వంగే బండి అయితే పైపులకి ఆ వంగే చోట ఎక్స్‌ట్రా పొడుగు ఉంచి, క్యాబిన్ లేపి దించి ఒకసారి చూడండి, లేకుంటే మొదటిసారి క్యాబిన్ లేపినప్పుడే పైపు తెగుతది. కండెన్సర్ రేడియేటర్ ముందు పెడ్తే లోడ్‌తో ఎక్కుడు ఎక్కేటప్పుడు ఇంజిన్ హీట్ పెరగొచ్చు, అసలే హీట్ ఎక్కే బండి అయితే ముందు రేడియేటర్ బాగు చేయించండి, లేదంటే ఫ్యాన్లున్న కండెన్సర్‌ని క్యాబిన్ వెనక గాని పైన గాని పెట్టించండి. క్లచ్‌కీ ఫ్యాన్‌కీ వేరే వేరే రిలే, ఫ్యూజ్, మందం వైరు. డ్యాష్‌బోర్డ్ స్విచ్ నుంచి డైరెక్ట్ లాగితే వైరింగ్ కాలుతది.

పైన పెట్టే 24 వోల్ట్ బ్యాటరీ ఏసీ

ఇది ఇప్పుడు బాగా నడుస్తుంది, ఇంజిన్ ఆపేసినా పని చేస్తది కాబట్టి. ఫ్యాక్టరీ గేట్ల ముందు గంటలు గంటలు లైన్‌లో ఉండేటోళ్ళకి, రాత్రి బండిలోనే పడుకునేటోళ్ళకి ఇదే కరెక్ట్. ఇంజిన్ నడిపి ఏసీ వేసుకొని నిద్రపోతే గంటకి ఒకటి నుంచి మూడు లీటర్ల దాకా డీజిల్ పోతది ఇంజిన్ సైజును బట్టి, పైగా సైలెన్సర్ లీక్ ఉన్న పాత బండిలో మూసిన క్యాబిన్‌లోకి కార్బన్ మోనాక్సైడ్ వస్తే మనిషి లేవడు. దానికి వాసన కూడా ఉండదు.

కానీ లెక్క వేస్కోండి. రెండు 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ కెపాసిటీ లెక్క) బ్యాటరీలు సిరీస్‌లో పెడ్తే 24 వోల్ట్ వస్తది గాని ఏహెచ్ 150యే, 300 కాదు. ఏసీ 35 ఆంపియర్లు లాగితే నాలుగు గంటలకి పూర్తి ఖాళీ, స్టార్టింగ్ బ్యాటరీని సగం కంటే దించితే దాని ఆయుష్షు పోతది, అంటే నీకు దొరికేది రెండు గంటల చిల్లర. అమ్మేటోడు రాత్రంతా వస్తది అంటడు, వాని మాట ఏ బ్యాటరీ మీద అని అడగండి. రాత్రంతా కావాలంటే వేరే లిథియం ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ పెట్టాలె, దాన్ని ఛార్జ్ చేయడానికి సరైన డీసీ ఛార్జర్, తక్కువ వోల్టేజ్ కట్ ఆఫ్ తప్పనిసరి, లేకుంటే పొద్దున బండి స్టార్ట్ కాదు. ఇంకా ఆల్టర్నేటర్ మీద రాసింది చదవండి, పాత బండ్లకి చిన్నవి ఉంటయి, హెడ్‌లైట్లు వైపర్లు నడుస్తుంటే ఏసీకి మిగిలేది ఏం ఉండదు, అప్పుడు ఆల్టర్నేటర్ కూడా పెద్దది చేయాలె. ఇవన్నీ కలిపి చూసినంక ధర అడగండి. పైకప్పు రేకు తుప్పు పట్టి ఉంటే ముందు అది బాగు చేసి లోపల నుంచి ఫ్రేమ్ వేయించాలె, వానాకాలం మొదటి వానకి డ్రైవర్ తల మీద కారకుండ.

నా లెక్క అయితే, ఫ్యాక్టరీ ఏసీ ఉన్న బండికి దాన్నే బాగు చేయించుడు ఉత్తమం, రోడ్డు మీద ఎక్కువ తిరిగే బండికి ఇంజిన్ కిట్, గేట్ల ముందు ఎక్కువ ఆగే బండికి పైన ఏసీ. రెండేళ్ళలో అమ్మేసే ఆలోచన ఉంటే పైన ఏసీ విప్పుకొని కొత్త బండికి మార్చుకోవచ్చు, ఇంజిన్ కిట్ పైసలు తిరిగి రావు.

పని అయినంక డబ్బులిచ్చే ముందు థర్మామీటర్ గాలి వచ్చే చోట పెట్టి, డోర్లు మూసి, బండి ఒక పది కిలోమీటర్లు నడిపి రండి. మన ఎండలో 8 నుంచి 12 డిగ్రీల దాకా వస్తే మంచి పనే. వెనక్కి వచ్చినంక బెల్ట్, బ్రాకెట్ బోల్టులు మళ్ళ ఒకసారి బిగించమనండి, కొత్త బెల్ట్ సాగుతది. బిల్లు మీద ఎన్ని గ్రాముల గ్యాస్, ఏ ఆయిల్, ఏ పార్ట్ అని రాయించుకొని ఫోటో తీసి పెట్టుకోండి, వచ్చేసారి ఏ ఊర్లో ఆగినా మెకానిక్‌కి చూపించొచ్చు. చలికాలంలో కూడా వారానికి ఒకసారి పది నిమిషాలు ఏసీ నడపాలె, లేకుంటే కంప్రెసర్ షాఫ్ట్ సీల్ ఎండిపోయి మార్చికల్లా గ్యాస్ అక్కడి నుంచే పోతది.